పంది బాకీ, నక్క పెత్తనం

మోదుగు వాగు అవతల జంతువులన్నీ తాటిచెట్టు మీది కాకి మాట మీదే నడిచేవి. ఎవరికి అరువివ్వచ్చో, ఎవరు ఎగ్గొట్టే రకమో కాకి పొద్దున్నే కూసేది. విన్నదల్లా కూయడమే తప్ప, నిజమేనా అని ఎవరినీ అడిగిన పాపాన పోలేదు.

ఆ వేసవిలో ఎద్దు గేదె దగ్గరికి వెళ్లింది. ఇంట్లో ఆవు నిండు చూడితో ఉంది. గేదె వాములోంచి నాలుగు మోపుల గడ్డి దొరికితే ఈనేదాకా గట్టెక్కుతుంది.

"ఇవ్వలేను తమ్ముడూ," అంది గేదె. "మీ నాన్న అడవిపందికి బాకీ పడితే నువ్వు ఎగ్గొట్టావట. పొద్దున కాకి కూసింది."

"పంది పోయి ఎన్నేళ్లయింది అక్కా? బతికున్నన్నాళ్లూ మా గుమ్మం ముందు నుంచే బురదకి పోయేది. ఒక్కనాడూ అడగలేదే."

"ఏమో నాయనా. నిప్పు లేనిదే పొగ రాదంటారు."

ఎద్దుకి కడుపు మండింది. తన మాట అటుంచి, చచ్చిపోయిన తండ్రి పేరు చెట్టెక్కి కూస్తే ఎవరికి మాత్రం మండదు? నేరుగా తాటిచెట్టు కిందికి నడిచింది. అక్కడ నక్క తోక మడుచుకుని కూర్చుని ఉంది.

"నీకోసమే చూస్తున్నా బావా. పందికి రావలసిన బాకీలన్నీ దాని పిల్లల దగ్గర కొనేశాను. మీ నాన్న తిన్న గంపెడు ఉలవలు ఇక నాకే రావాలి."

"తిన్నాడనడానికి సాక్షి ఎవరు?"

"ఆ తగువెందుకులే. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఓ గుప్పెడు ఉలవలు నా ముందు పోయి. రేపు కాకి నీ పేరు మంచిగా కూస్తుంది, ఆవుకి గడ్డి దొరుకుతుంది."

ఆవు డొక్కలు కళ్లముందు మెదిలి ఎద్దు మనసు గుంజింది. కానీ అక్కడి కట్టుబాటు ఏమిటంటే, గుప్పెడు పోస్తే గంపెడూ ఒప్పుకున్నట్టే. ఎన్నేళ్ల నుంచి నిద్రపోతున్న బాకీ అయినా ఆ గుప్పెడుతో లేచి కూర్చుంటుంది.

"మాది నెమరేసే జాతి బావా. రేపు చెబుతాను," అని ఎద్దు ఇంటికి వెళ్లి, మేత లేకపోయినా నక్క మాటల్నే నెమరేసింది.

మర్నాడు అందరినీ తాటిచెట్టు కిందికి పిలిచింది. "నేను ఏదైనా ఒప్పుకునే ముందు, నువ్వెవరివో అందరి ముందూ చెప్పు బావా."

"పంది స్థానంలో ఉన్నవాణ్ణి," అంది నక్క, రొమ్ము విరుచుకుని. "పంది ఉంటే ఎంతో నేనూ అంతే. కాకీ, గట్టిగా కూయి."

కాకి వాగు దాకా వినబడేలా కూసింది.

ఎద్దు గేదె వైపు తిరిగింది. "అక్కా, పంది నీ వాము మొదలు తవ్వి పడేసింది కదూ?"

"సరిచేసి పెడతానని మాటిచ్చి పోయింది," అంది గేదె. "ఇప్పటికీ ఓ పక్కకి ఒరిగే ఉంది."

"నా దగ్గర కందగడ్డలు అరువు పట్టుకెళ్లింది," అంది ఎలుగుబంటి, నక్క పక్కకి జరుగుతూ. కుందేలు కూడా తన పూడిపోయిన బొరియ సంగతి ఎత్తింది.

నక్క వెనక్కి జరిగింది. "ఆగండి, ఆగండి. పంది చేసినదానికి నాదా పూచీ? పందికీ నాకూ ఏమిటి సంబంధం?"

"నేనూ అదే అడుగుతున్నా," అంది ఎద్దు నెమ్మదిగా.

కాకి మెల్లగా ఎగిరిపోబోతే ఎద్దు ఆపింది. "నిన్న ఎంత గట్టిగా కూశావో, నేను బాకీ ఎగ్గొట్టలేదని ఇవాళా అంతే గట్టిగా కూయి."

కాకి కూసింది. నిందని ఊరంతా విన్నది, దాన్ని వెనక్కి తీసుకుంటే సగం మందే విన్నారు. అది ఎద్దుకి తెలుసు, బాధా పడింది. అయినా సాయంత్రం గేదె తానే గడ్డి మోసుకొచ్చి, తల దించుకుని ఆవు ముందు వేసింది.

నక్క పంది పిల్లల దగ్గరికి పరుగెత్తి బాకీలు తిరిగి తీసుకోమని బతిమాలింది. "కొన్నది కొన్నట్టే మామా. పంది స్థానం నీదేనని కాకి కూసిందిగా," అన్నాయవి. ఎలుగుబంటి కాపలా కాస్తుంటే, వానలు పడేదాకా నక్క గేదె వామునే ఎత్తి నిలబెడుతూ గడిపింది.

నీతి: బాకీ అడిగినవాడికి బదులు చెప్పే ముందు, అడగడానికి వాడెవడో అడుగు.