సాలమ్మ మన్ను

అనగా అనగా, ఊళ్లకింకా పొలిమేరలు గీయని కాలంలో, సాలమ్మ, పెంటయ్య అని ఆలుమగలు ఉండేవాళ్లు. పిల్లల్లేరు. కాపురమంతా పరాయివాళ్ల పశువుల కొట్టాల్లోనే గడిచింది. సాలమ్మ దగ్గర వాళ్లమ్మ ఇచ్చిన తోటకూర విత్తనాలుండేవి. ఏటేటా ఎవరి గట్టునో ఇన్ని చల్లి, మళ్లీ విత్తనం తీసి ఆనపబుర్రలో దాచుకునేది. ఆకు మాత్రం గట్టుగలవాళ్లదే.

ఎన్నాళ్లకో వాళ్లకి కాస్త జాగా దొరికింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గదా. పెంటయ్య ఇంటి పనిలో పడ్డాడు. సాలమ్మ పెరటి పనిలో పడింది. "ఇక్కడ తోటకూర మడి. ఇక్కడ బీర పందిరి. నీళ్లు పోసుకునే చోట అరటి పిలక," అంటూ పుల్లలు గుచ్చుకుంటూ తిరిగింది.

పెంటయ్య గోడల మన్ను కోసం ఆ పెరట్లోనే గడ్డపార వేశాడు.

"మావా, పెరట్లో తీయమాక. చెరువు మన్ను తెచ్చుకుందాం," అంది సాలమ్మ.

"మన్నంతా మన్నేనే," అన్నాడు పెంటయ్య.

మర్నాడూ అదే మాట అంది. "చెరువు దూరమే," అన్నాడు.

మూడోనాడూ అదే మాట అంది. "వాన ముంచుకొస్తోంది. గోడ లేవాలా వద్దా?" అని కసిరాడు.

గోడలు లేచాయి. నల్లటి మంచి మన్నంతా గోడల్లోకి పోయింది. పెరట్లో తెల్లటి సుద్ద మిగిలింది.

మొదటిసారి విత్తనం చల్లితే మొలక పసుపెక్కి చచ్చింది. రెండోసారి వేలెడు లేచి వాలిపోయింది. మూడోసారి మొలకే రాలేదు. సాలమ్మ మొగుణ్ని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆ ఏడు ఆమెకు జ్వరం తగిలి మంచం పట్టింది. "మన పెరటి తోటకూరతో ఒక్క ముద్ద తినాలనుంది మావా," అంది. పెంటయ్య పక్కింట్లో ఇంత కూర అడిగి తెచ్చి, వండి, "మన పెరట్లోదేనే," అంటూ నోటికందించాడు.

సాలమ్మ తిన్నది. "మన మన్ను రుచే వేరు మావా," అంది. నమ్మే అందో, మొగుడి మనసు నొప్పించలేక అందో మనకు తెలియదు. తెల్లారేసరికి పోయింది.

దినాలయ్యాక పెంటయ్య పెరటివైపు గోడ పడగొట్టాడు. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?" అన్నారు జనం. అతను ఆగకుండా గోడ మన్ను చితగ్గొట్టి పెరడంతా పరిచాడు. ఆనపబుర్ర అడుగున మిగిలిన విత్తనాలు చల్లాడు.

మడి పట్టనంత తోటకూర వచ్చింది. పెంటయ్య ఒక్క ఆకూ తినలేకపోయాడు. మడి ముందు కూలబడి, "నీ నోటికాడి ముద్ద నేనే గోడకు మెత్తానే," అని ఏడ్చాడు. కూరంతా ఊరికి పంచాడు. ఆ గోడ మళ్లీ కట్టలేదు. వానకీ చలికీ అలాగే ఉండి, అలాగే పోయాడు.

అప్పట్నుంచి ఆ వైపు ఊళ్లలో ఇల్లు కట్టేవాళ్లు, పునాది తీసేముందే పెరటి పైమన్ను ఎత్తి ఓ మూల కుప్ప పోస్తారు. అది సాలమ్మ మన్ను. గోడకు చాలకపోయినా దాన్ని ముట్టరు. ఇల్లు లేచాక ఇల్లాలు ఆ మన్ను పరిచి తోటకూర చల్లుతుంది. మొదటి కోత కూర వండిన రోజు, ఇంటాయన తన చేత్తో ఆమెకు ముద్ద పెడతాడు. ఆమె తినేదాకా అతను విస్తరి ముందు కూర్చోడు.