ఎవరిదీ కాని డిస్కు

పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేసే నూకరత్నం కొట్టు మీద మున్సిపల్ ఛైర్మన్ బైరాగినాయుడికి ఎప్పటినుంచో కన్ను. ఒకరోజు తన ల్యాప్‌టాప్ నెమ్మదిగా నడుస్తోందని తెచ్చాడు. ఆమె పాడైన మరో ల్యాప్‌టాప్‌లోని, వేగం పెంచే ర్యామ్ చిప్పు తీసి దానికి బిగించి ఇచ్చింది.

మర్నాడే ఆయన ఎస్సైని వెంటబెట్టుకొచ్చాడు. "నా కొత్త హార్డ్‌డిస్కు కాజేసి, ఎవరిదో చెత్త డిస్కు పెట్టింది. కొట్టు మూయించండి!"

నూకరత్నం ఆయన చేతిలోని ల్యాప్‌టాప్ తీసుకుని విప్పింది. తాను డిస్కు ముట్టుకోలేదంటే నమ్మేదెవరు? దాన్ని ఊడదీసి, బల్ల మీద పెట్టి సుత్తి అందుకుంది.

"ఇది మీది కాదుగా అయ్యగారూ? మీ కళ్ళముందే పగలగొట్టేస్తాను."

సుత్తి పైకి లేచింది.

"ఆగవే! మా అమ్మ ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి!" అంటూ ఛైర్మన్ డిస్కు మీద చెయ్యి అడ్డుపెట్టాడు.

ఎస్సై నవ్వాపుకుంటూ అడిగాడు. "ఇప్పుడు కేసు ఎవరి మీద రాయమంటారు సార్?"