నక్క ముట్టని తొట్టి

వాగు గట్టున పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు ఒకటి ఉండేది. షెడ్డు మూతపడింది గానీ, అక్కడి సీసం మాత్రం వాన పడ్డప్పుడల్లా వాగులోకి దిగుతూనే ఉంది. చూస్తే నీళ్ళు తేటగానే ఉండేవి. అదే జంతువుల భయం. కంపు కొట్టినా బాగుండేది, మూతి తిప్పుకుని పోయేవి.

చివరికి పట్నం నుంచి ఎవరో వచ్చి గట్టు మీద ఒక పీపా పెట్టారు. దాని నిండా నల్లటి గింజలు. కంటికి కనబడని రంధ్రాలు వాటి ఒళ్ళంతా. వాగు నీళ్ళు వాటి మధ్య నుంచి దిగితే సీసం గింజలకే అంటుకుపోయి, కింద తొట్టిలోకి మంచినీళ్ళు వస్తాయి. "గింజలు మాత్రం ఎంతని పట్టుకుంటాయి? నిండాక మార్చాలి సుమా" అని చెప్పి, కొత్త గింజల బస్తాను షెడ్డు చూరుకు వేలాడదీసి వెళ్ళారు.

మార్చే పనిని నక్క తనంతట తానే నెత్తికెత్తుకుంది. దానికి అంత సేవాభావం ఎప్పుడు పుట్టిందో ఎవరూ అడగలేదు. పైగా అది ఆ తొట్టిలో మూతి పెట్టేదే కాదు.

"కావలి కాసేవాణ్ణి, నా ఎంగిలి మీరు తాగడమేమిటి? నా బొరియ దగ్గర గుంటలో ఏవో మురికినీళ్ళున్నాయి. నాకవి చాలు" అనేది. ఆ త్యాగానికి మేక కళ్ళు చెమర్చాయి.

ఎండలు ముదిరేసరికి గేదె బిడ్డ తూలడం మొదలుపెట్టింది. గడ్డి ముట్టదు, ఊరికే పళ్ళు కొరుకుతుంది. గేదెకి కంటి మీద కునుకు లేదు.

"నక్క తమ్ముడూ, గింజలు నిండిపోయాయేమో చూడరాదా?"

"ఇంకా నిండలేదక్కా! కొత్తవి బస్తాలో భద్రంగా ఉన్నాయి. వేళొస్తే మార్చనూ? పిల్లకి ఎండదెబ్బ తగిలుంటుంది, నీళ్ళు బాగా తాగించు."

బాగా తాగించింది పిచ్చితల్లి. పెయ్య ఇంకా తూలింది.

ఆ సాయంత్రం గాలి లేచింది. చూరుకున్న బస్తా ఉయ్యాలలా ఊగింది. గేదె నెమరు వేయడం ఆపి దానివంకే చూసింది. గింజలున్న బస్తా అలా ఊగదు.

మర్నాడు అందరూ తొట్టి దగ్గర చేరాక గేదె అంది: "తమ్ముడూ, నా బిడ్డకి ఈ నీళ్ళు పడటం లేదు. ఇవాళ్టి నుంచి అది నీ గుంటలో తాగుతుంది. నువ్వు ఇక్కడ తాగు."

నక్క గతుక్కుమంది. "అవి మురికినీళ్ళక్కా!"

"అయితే నీకే మేలు కదా. మంచినీళ్ళు దొరుకుతాయి."

"నా ఎంగిలి..."

"బిడ్డ ప్రాణం మీదికొచ్చాక ఎంగిలేమిటి? తాగు."

అని గుంట దారికి అడ్డంగా నిలబడింది. పొద్దెక్కింది. నక్క నాలుక బయటికొచ్చింది.

"ఒక్క గుక్క తాగు మామా, మా కోసం" అంది మేక, ఇంకా అమాయకంగానే.

మిట్టమధ్యాహ్నానికి నక్క తట్టుకోలేకపోయింది. "నేను తాగను! అందులో సీసం ఉంది! ఆ గింజలు ఎప్పుడో నిండిపోయాయి!"

"మరి కొత్తవి?"

నక్క చూపు తన గుంట వైపు జారింది. చూరు మీది కాకి గుంట దాకా ఎగిరి, దాని అడుగున పరిచినవాటిలో ఒక నల్లటి గింజను ముక్కున కరుచుకుని తిరిగొచ్చింది.

గేదెకి అరిచే ఓపిక కూడా లేదు. "నేనే దగ్గరుండి తాగించాను" అని మాత్రం అంది.

గుంటలోని, ఇంకా నిండని గింజలన్నీ తెచ్చి పీపాలో నింపారు. మేక పాతవాటిని వాగులోకి నెట్టబోతే గేదె కొమ్ము అడ్డం పెట్టింది. "అవి పట్టుకున్న విషాన్ని మళ్ళీ వాగులోనే కలుపుతావా?" వాటిని మూతున్న డబ్బాలో పోసి, పట్నం వాళ్ళు వచ్చేదాకా దాచిపెట్టారు.

పెయ్య బతికింది. వెనక కాలు ఇంకా ఈడుస్తూనే ఉంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే తొట్టిలో మొదట మూతి పెట్టేది నక్కే. దాని గొంతులో గుటక దిగడం కళ్ళారా చూశాకే గేదె బిడ్డను నీళ్ళకు వదులుతుంది.

నీళ్ళకు కావలి ఉండేవాడు ఆ నీళ్ళే తాగాలి.