ఈగ చేతికి అంటిన పిండి

ఒకప్పుడు ఈగకు చేతులు రుద్దుకునే అలవాటు లేదు. ఎక్కడ వాలినా రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, పెళ్ళివారి వంటమనిషిలా దర్జాగా నిలబడేది. దేన్నీ తాకి చూసేది కాదు. తాకడం దేనికి, తనకన్నీ తెలుసు కదా!

ఆ రోజుల్లో గోదావరి లంకలో ఒక కొబ్బరితోట ఉండేది. అందులో సింగారమ్మ అనే ఈగ కాపురముండేది. ఒకసారి పెద్దగాలి ఆమెను ఎత్తుకుపోయి ఎడారిలో పడేసింది. సింగారమ్మ మాత్రం ఆ సంగతి అలా చెప్పేది కాదు. "దేశాటనం చేసొచ్చాను" అనేది.

అక్కడ ఒక ఒంటె జాలిపడి ఆమెకు రొట్టెపెట్టె ఇచ్చింది. పిండీ నీళ్ళూ పోసి మూతేస్తే చాలు. పిసకడం, పొంగించడం, కాల్చడం అన్నీ ఆ పెట్టే చూసుకుంటుంది.

"మూడు గిన్నెల పిండికి గిన్నెడు నీళ్ళు, చిటికెడు పొంగుడు గుండ. అంతే!" అంది ఒంటె.

తిరుగుగాలి పెట్టెతో సహా సింగారమ్మను తోటలో దింపింది. ఇక చూడండి ఆమె కోతలు! ఎవరు పలకరించినా "మా ఎడారిలో అయితేనా..." అని మొదలుపెట్టేది. ఆమె అక్కడ ఉన్నది ఒకటిన్నర రోజు.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. వారం రోజులు తెరిపే లేదు. ఎవరూ తిండి కోసం గూడు దాటలేకపోయారు. ఉడత నాంచారమ్మకు అప్పుడే ముగ్గురు పిల్లలు పుట్టారు. బాలింతకు తిండి లేక పాలు పడలేదు. పిల్లలు కీచుకీచుమని ఏడుస్తున్నారు.

చీమలు తమ కొట్లో అడుగున మిగిలిన గోధుమపిండి తెచ్చాయి. తోట మొత్తానికి ఉన్నది అంతే.

"ఉత్త పిండి బాలింతకు ఎలా పెడతాం?" అంది పెద్దచీమ.

"నేనున్నాగా! నా పెట్టె ఉందిగా!" అంది సింగారమ్మ, నడుం మీద చేతులు తియ్యకుండానే.

సగం పిండి పెట్టెలో పోసింది. పొంగుడు గుండ లేదు. దాని బదులు, పిండి పొంగడానికి కొబ్బరికల్లు గిన్నెడు ఒంపింది. ఆపైన మళ్ళీ గిన్నెడు నీళ్ళు పోయబోయింది.

"అమ్మా, కల్లు కూడా నీళ్ళలాంటిదే కదా. నీళ్ళు కాస్త తగ్గించరాదూ?" అంది పెద్దచీమ.

"ఎడారి చూసిందానివి నువ్వా, నేనా? కొలతంటే కొలతే!" అంది సింగారమ్మ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మరి!

కాసేపటికి పెట్టె గుడగుడలాడింది. మూత దానంతటదే లేచింది. లోపలి పిండి బుసబుసా పొంగి, పెట్టె అంచు దాటి, చీమల గుమ్మాల్లోకి పారింది.

పైనుంచి వాన పకపకా నవ్వింది. "ఓసి పిచ్చి సింగారమ్మా! నేను ఆకుల మీదే కురుస్తున్నాననుకున్నావా? వారం నుంచి ఆ పిండిమూటలో కూడా కూర్చున్నాను. ఆపైన కల్లు, ఆపైన నీళ్ళు! రొట్టె చేస్తున్నావా, చెరువు నింపుతున్నావా?"

"నన్నేమీ అనకండి. ఈ పెట్టె ఉక్కలో నాకు నిదానం ఎక్కడినుంచి వస్తుంది?" అంది కల్లు, ఇంకా నురగలు కక్కుతూ.

గూట్లోంచి నాంచారమ్మ నీరసంగా అంది. "పోనీలే అక్కా. నువ్వు మాత్రం కావాలని చేశావా?"

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. ఆ మాటకు సింగారమ్మ ప్రాణం చివుక్కుమంది. ఏడుపూ వచ్చింది, తనమీద తనకే నవ్వూ వచ్చింది.

"నా అంత తెలివైనది ఏడు లంకల్లో దొరకదు. ఇంట్లో పిండి తడిసిందో లేదో తెలియదు గాని, ఎడారి కబుర్లు మాత్రం చెబుతాను!" అంది. "వానమ్మా, ఇంతకీ నీళ్ళెన్ని పోయాలి?"

"నాకేం తెలుసు? చెయ్యి పెట్టి చూడు. పిండే చెబుతుంది," అంది వాన.

పెట్టె కడిగి, మిగిలిన సగం పిండిలో గుప్పెడు ఉంచుకుని తక్కినది పోశారు. ఇది కూడా పోతే ఇంకేమీ లేదు. సింగారమ్మ చేతులు నడుం మీదనుంచి దిగాయి. కల్లు కొంచెమే ఒంపింది. నీళ్ళు చుక్క చుక్కగా వేస్తూ కుడిచెయ్యి పెట్టి చూసింది. అంటుకుంది. దాన్ని లాగడానికి ఎడమచెయ్యి పెట్టింది. అదీ అంటుకుంది. కాళ్ళతో తన్నింది. ఇంకేముంది, ఆరూ దిగబడిపోయాయి!

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గాని, తొక్కందే తెలియదు నాలాంటిదానికి. లాగండర్రా!" అని కేక పెట్టింది.

చీమలు లాగబోయాయి. "ఆగండాగండి!" అంది సింగారమ్మ. "ఉప్పు వెయ్యలేదు, నా కాలికి తెలుస్తోంది. ఆ ఉంచిన గుప్పెడు పిండి కూడా చల్లండి. ఓరి నాయనోయ్, నా బుర్రకంటే నా కాళ్ళకే తెలివెక్కువ!"

ఉప్పు వేశారు, మిగిలిన పిండి చల్లారు. అప్పుడామె కాళ్ళు ఒక్కొక్కటే ఊడివచ్చాయి. మూతేశారు. కొంతసేపటికి తోటంతా కమ్మని వాసన నిండింది.

వేడివేడి రొట్టె మొదటి ముక్క నాంచారమ్మకు పెట్టారు. ఆమె కళ్ళు మూసుకుని నమిలింది. సాయంత్రానికి పాలు పడ్డాయి. పిల్లలు ఏడుపు మానారు.

"ఎంతెంత కొలత పోశావమ్మా?" అని అందరూ మూగారు.

"ఏమో, ఎవరికి తెలుసు! కాళ్ళను అడగండి," అంది సింగారమ్మ, చేతికి అంటిన పిండి రుద్దుకుంటూ.

అప్పటినుంచే ఈగ దేని మీద వాలినా ముందు కాళ్ళతో రుచి చూస్తుంది, తర్వాత కూర్చుని చేతులు రుద్దుకుంటుంది. మీ కంచం అంచున అలా రుద్దుకుంటూ కనిపిస్తే దండం పెడుతోందనుకునేరు! ఆనాటి జిగురు దానికి ఇంకా వదల్లేదు పాపం.