ఇద్దరి నడుమ నిదానమ్మ

ఒకప్పుడు ఇనుము లేదు, బంగారం లేదు, ఉప్పు లేదు. పీల్చడానికి గాలి లేదు, తాగడానికి నీళ్లు లేవు. సూర్యుడూ లేడు, చంద్రుడూ లేడు. ఆకాశం అప్పుడే పుట్టింది. పొయ్యి మీది పెనం కంటే కోట్ల రెట్లు కాగిపోతూ ఉండేది.

ఆ కాకలో మూడు రకాలవాళ్లు తిరుగుతుండేవాళ్లు.

మొదటివాళ్లు ప్రోటాన్లు. ఒక ప్రోటాన్‌కి ఇంకో ప్రోటాన్ గిట్టదు. ఎదురుపడితే చాలు, ఎడమొహం పెడమొహం. దగ్గరికొచ్చేకొద్దీ ఒకళ్లనొకళ్లు తోసేసుకునేవాళ్లు. పాపం, కావాలని కాదు. వాళ్ల పుట్టుకే అంత.

రెండోవాళ్లు ఎలక్ట్రాన్లు. చిటికెలో పట్టేంత కూడా ఉండరు. తక్కెడలో ఒకవైపు ఒక్క ప్రోటాన్‌ని కూర్చోబెడితే, రెండోవైపు పద్దెనిమిది వందలమంది ఎలక్ట్రాన్లు ఎక్కినా సరితూగదు. అంత తేలిక. ఒక్కచోట నిలవడం వాళ్లవల్ల కాదు. కానీ ప్రోటాన్లంటే వాళ్లకు మహా ఇష్టం.

మూడోవాళ్లు న్యూట్రాన్లు. నెమ్మదైనవాళ్లు. వాళ్లను ఎవరూ తోయరు, వాళ్లూ ఎవరినీ తోయరు. అయితే వాళ్లకొక కష్టం ఉంది. వాళ్ల ఆయుష్షు ఇప్పటి లెక్కన పావుగంట. కొందరికి కాస్త ముందు, కొందరికి కాస్త వెనక. అంతే. ఆ తర్వాత న్యూట్రాన్ న్యూట్రాన్‌గా ఉండదు.

ఆ న్యూట్రాన్లలో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉండేవాళ్లు. అక్క పేరు ఓర్పమ్మ, చెల్లెలి పేరు నిదానమ్మ. ఎక్కడికి వెళ్లినా ఇద్దరూ కలిసే వెళ్లేవాళ్లు.

ఒకసారి వాళ్లకు ఒక ప్రోటాన్ ఎదురయ్యాడు. కస్సయ్య అతని పేరు. అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు తోస్తుంటే, మధ్యలో రుసరుసలాడుతూ గిరగిరా తిరుగుతున్నాడు.

"కాసేపు నీ పక్కన ఆగొచ్చా కస్సయ్యా?" అని అడిగింది ఓర్పమ్మ.

"నా పక్కనా? ఎవరు ఆగారని మీరు ఆగుతారు? వచ్చినవాళ్లందరూ వెనక్కి పోయినవాళ్లే!" అన్నాడు కస్సయ్య.

ఓర్పమ్మ వచ్చింది. ఇంకాస్త దగ్గరికి వచ్చింది. కస్సయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఏమీ కాలేదు. ఎవరూ వెనక్కి పోలేదు. ఓర్పమ్మ అతన్ని తాకింది. తాకగానే ఇద్దరి మధ్యా ఒక పట్టు పుట్టింది. గమ్ముకి అతుక్కున్నట్టు పట్టేసింది. దూరం నుంచి చూస్తే ఆ పట్టు కనిపించదు. తాకితేనే తెలుస్తుంది.

"అరె!" అన్నాడు కస్సయ్య. "ఇదేంటి, ఇంత బాగుంది!"

అప్పుడు ఓర్పమ్మకు ఇంకో సంగతి తెలిసింది. పుట్టినప్పటినుంచి ఆమె గుండెలో ఏదో టిక్కుటిక్కుమంటూ ఉండేది. పట్టు పడగానే అది ఆగిపోయింది.

"చెల్లీ! ఇతన్ని పట్టుకుంటే మన పావుగంట కదలడం లేదే!" అంది.

ఆ మాట పూర్తికాలేదు. దడదడమంటూ వెలుగు వచ్చింది. అప్పట్లో వెలుగు ఇప్పటిలా మెత్తగా గుమ్మంలో వాలే వెలుగు కాదు. "దారి! దారి!" అని అరుస్తూ, ఎదురొచ్చిన వాళ్లందరినీ ఢీకొడుతూ పోయే వెలుగు. ఒక్క దెబ్బకు ఓర్పమ్మ ఒకవైపు, కస్సయ్య ఒకవైపు పడ్డారు.

వాళ్లు లేచి మళ్లీ పట్టుకున్నారు. వెలుగు మళ్లీ విడగొట్టింది. ఈసారి నిదానమ్మ పట్టుకుంది. అదీ విడిపోయింది. పడిన ప్రతిసారీ కస్సయ్యే ముందు లేచి వాళ్లను వెతుక్కుంటూ వచ్చేవాడు. అతనికి స్నేహితులంటూ దొరికింది వాళ్లిద్దరే మరి.

అలా పడుతూ లేస్తూ ఉండగా ఓర్పమ్మ ఒక్కసారిగా ఆగిపోయింది.

"చెల్లీ, నాకేదోలా ఉందే" అంది.

నిదానమ్మ చెయ్యి చాచేలోపే అయిపోయింది. ఓర్పమ్మలోంచి ఒక బుల్లి ఎలక్ట్రాన్ తుర్రుమని ఎగిరిపోయింది. దానితోపాటు కంటికి ఆనని ఇంకేదో చప్పుడు లేకుండా జారిపోయింది. ఓర్పమ్మ ఉన్నచోట ఒక ప్రోటాన్ నిలబడి ఉంది.

"అక్కా!" అని కేక పెట్టింది నిదానమ్మ.

"నేనేనమ్మా, ఎక్కడికీ పోలేదు" అంది ఆ ప్రోటాన్. గొంతు ఓర్పమ్మదే. "కానీ ఒళ్లంతా చురచురలాడుతోంది. ఎవరినో తోసేయాలని ఉంది. ఎందుకో తెలియడం లేదు."

కస్సయ్య ఆత్రంగా ఆమె వైపు వచ్చాడు. నాలుగడుగులు వేశాడో లేదో వెనక్కి తూలాడు. ఓర్పమ్మ కూడా వెనక్కి తూలింది. ఇందాకటిదాకా ఒకళ్లనొకళ్లు పట్టుకుని నిలబడ్డవాళ్లే. ఇప్పుడు దగ్గరికి రావాలని ఇద్దరికీ ఉంది. రాలేకపోతున్నారు.

కస్సయ్య మొహం తిప్పుకున్నాడు. కోపంతో కాదు. ఏడుపు కనపడకూడదని.

నిదానమ్మ గుండెలో టిక్కుటిక్కు ఆమెకే వినిపిస్తోంది. తన వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. తాను కూడా మారిపోతే ముగ్గురూ మూడు దిక్కులకు తోసేసుకుంటారు. ఇక ఎప్పటికీ కలవరు.

ఆమె తిన్నగా వెలుగు దారికి అడ్డంగా వెళ్లి నిలబడింది.

"అయ్యా, నువ్వు మమ్మల్ని ఎందుకు విడగొడుతున్నావు? నీకేం అపకారం చేశాం?"

వెలుగు ఆగలేక ఆగలేక, ఆమె చుట్టూ తిరుగుతూ చెప్పింది. "నాకు మీమీద పగ ఏముందమ్మా? చోటు చాలడం లేదు. ఎటు తిరిగినా ఎవరో ఒకరు తగులుతున్నారు. అదిగో చూడు, ఆకాశం పెరుగుతోంది. ఆకాశం సాగేకొద్దీ నేనూ సాగుతున్నాను. సాగేకొద్దీ నా దెబ్బలో బలం తగ్గుతోంది. కాసేపు ఓపిక పట్టు తల్లీ."

"నాకున్నదే కాసేపు" అంది నిదానమ్మ.

వెలుగు తల వంచుకుని వెళ్లిపోయింది.

నిదానమ్మ వెనక్కి వచ్చి కస్సయ్యను పట్టుకుంది. వెలుగు తగిలింది, విడిపోయారు. మళ్లీ పట్టుకుంది. మళ్లీ విడిపోయారు. కానీ ప్రతిసారీ ఇదివరకంత దూరం పడటం లేదు. మొదట కేకేసినా వినపడనంత దూరం పడేవాళ్లు. తర్వాత పిలిస్తే పలికేంత దూరం. ఆ తర్వాత చెయ్యి చాస్తే అందేంత దూరం.

చివరికి ఒకసారి వెలుగు వచ్చి తగిలింది. ఇద్దరూ ఊగారు. ఊగి, నిలబడ్డారు.

వెలుగు వెనక్కి తిరిగి చూసి చిన్నగా నవ్వుకుంటూ పోయింది.

నిదానమ్మ గుండెలో టిక్కుటిక్కు ఆగిపోయింది. మళ్లీ మొదలవలేదు. అలా ఎంతసేపు ఉన్నా మొదలవలేదు.

"ఇక నీకు భయం లేదు" అన్నాడు కస్సయ్య. "ఇదే మన ఇల్లు. ఎక్కడికీ వెళ్లకు."

"మరి అక్క?"

కస్సయ్య అటు చూశాడు. దూరంగా ఓర్పమ్మ తిరుగుతోంది. వాళ్ల వైపు చూస్తోంది, దగ్గరికి రావడం లేదు.

"అక్కా, ఇంట్లోకి రా!" అని పిలిచింది నిదానమ్మ.

"వద్దు!" అన్నాడు కస్సయ్య. "ఆమె వస్తే నేను తోస్తాను. తోయకుండా ఉండటం నా చేతిలో లేదు. ఇల్లు చెదిరిపోతే నువ్వు మళ్లీ బయట పడతావు. నీకు మిగిలింది ఎంతో నీకే తెలియదు."

దూరం నుంచి ఓర్పమ్మ కూడా అదే మాట అంది. "కస్సయ్య చెప్పింది విను చెల్లీ. నాకేం, నేను ప్రోటాన్‌ని. నా ఆయుష్షుకి కొదవ లేదు. ఇలాగే తిరుగుతూ మీ ఇద్దర్నీ చూస్తూ ఉంటాను."

నిదానమ్మ చుట్టూ చూసింది. ఆకాశం చల్లబడుతోంది. కాక తగ్గేకొద్దీ అందరి పరుగులూ మందగిస్తున్నాయి. ఇంకాస్త చల్లబడితే ఓర్పమ్మ రావాలనుకున్నా రాలేకపోతుంది.

"కస్సయ్యా, నువ్వు తోస్తే తొయ్యి. నిన్ను తప్పుపట్టను. అక్కా, నువ్వు నెమ్మదిగా వస్తున్నావు, అందుకే వెనక్కి పోతున్నావు. దూరంగా వెళ్లు. అక్కణ్నుంచి నీ ఓపిక కొద్దీ పరుగెత్తుకుంటూ రా. మధ్యలో ఆగకు. నన్ను తాకేదాకా ఆగకు. ఒక్కసారి తాకావంటే ఇక నేను వదలను."

"ఇల్లు విరిగిపోతేనో?"

"విరిగితే మళ్లీ కట్టుకుందాం. నువ్వు బయట ఉంటే ఇది నాకు ఇల్లెలా అవుతుంది?"

ఓర్పమ్మ చాలా దూరం వెళ్లింది. వెనక్కి తిరిగింది. ఉన్న వేడినంతా కూడగట్టుకుని పరుగు మొదలుపెట్టింది.

మొదటిసారి చివరి అడుగులో పాదం తడబడింది. గోడకు కొట్టిన బంతిలా వెనక్కి పోయింది. ఇల్లు గజగజ వణికింది. కస్సయ్య ఒళ్లు బిగబట్టుకున్నాడు.

"మళ్లీ రా అక్కా!"

రెండోసారి ఓర్పమ్మ కళ్లు మూసుకుని వచ్చింది. తోపు మొదలైంది. ఆమె ఆగలేదు. తోపు ఎక్కువైంది. ఒళ్లు చీలిపోతున్నట్టు ఉంది. అయినా ఆగలేదు. తోపు ఇంకా ఇంకా ఎక్కువై, ఇక నావల్ల కాదు అనుకున్న చోట చెల్లెలి చెయ్యి తగిలింది.

పట్టు పడింది.

నిదానమ్మ ఒక చేత్తో కస్సయ్యను, ఒక చేత్తో అక్కను పట్టుకుని మధ్యలో నిలబడింది. వాళ్లిద్దరి తోపు పోలేదు. అటొకరు ఇటొకరు లాగుతూనే ఉన్నారు. కానీ పట్టు దానికంటే గట్టిది. ముగ్గురిలోంచీ నిట్టూర్పులా ఒక మెరుపు బయటికి పోయింది. ఇల్లు కుదుటపడింది.

"తోస్తున్నానా?" అని భయంభయంగా అడిగాడు కస్సయ్య.

"తోస్తున్నావు" అంది ఓర్పమ్మ నవ్వుతూ. "నేనూ తోస్తున్నాను. అయినా ఇక్కడే ఉన్నాను కదా!"

చాలాకాలం గడిచింది. లక్షల ఏళ్లు. ఆకాశం బాగా చల్లబడింది. తుర్రుమంటూ తిరిగే ఎలక్ట్రాన్లకూ అలుపొచ్చింది. ఇద్దరు ఎలక్ట్రాన్లు వచ్చి, "లోపల ఇద్దరు ప్రోటాన్లున్నారు, మేమూ ఇద్దరం. ఇక్కడ ఉంటాం" అని ఆ ఇంటిచుట్టూ చేరారు. లోపలికి రాలేదు. చాలా దూరంగా, వాకిట్లో తిరుగుతూ ఉండిపోయారు. ఇల్లు నిమ్మకాయంత ఉంటే వాకిలి ఊరంత ఉంటుంది. ఇల్లూ వాకిలీ కలిపి దానికి పరమాణువు అని పేరొచ్చింది. మిగతా ఎలక్ట్రాన్లూ ఇలాగే తలో ఇల్లూ చూసుకుని దారికి అడ్డం లేకపోవడంతో వెలుగు కూడా మొదటిసారి ఎవరికీ తగలకుండా హాయిగా సాగిపోయింది.

తర్వాత నక్షత్రాలు పుట్టాయి. వాటి కడుపులోని మంటలో ఇంకా పెద్ద ఇళ్లు కట్టుకున్నారు. ఆరుగురు ప్రోటాన్లున్న ఇల్లు బొగ్గయింది. ఎనిమిదిమంది ఉన్న ఇల్లు మనం పీల్చే ప్రాణవాయువైంది. ఇరవై ఆరుగురు ఉన్న ఇల్లు ఇనుమైంది. నక్షత్రాలు పేలినప్పుడు, ఢీకొన్నప్పుడు కట్టుకున్న డెబ్భై తొమ్మిదిమంది ఇల్లు బంగారమైంది.

ఇన్ని ఇళ్లయ్యేసరికి ఆకాశం అందరినీ పిలిచి పంక్తిలో పీటలు వేసింది. "ఇంట్లో ఎంతమంది ప్రోటాన్లుంటే అన్నో పీట మీది" అంది. ఒక్క ప్రోటాన్ ఉన్న హైడ్రోజన్‌ది ఒకటో పీట. ఇద్దరున్న కస్సయ్య ఇల్లు హీలియం. వాళ్లది రెండో పీట. అలా వరసగా అందరూ కూర్చున్నారు. ఆ వరసనే మనం ఆవర్తన పట్టిక అంటాం.

కస్సయ్య మాత్రం కూర్చోలేదు.

"ఇదేం లెక్క?" అని కస్సుమన్నాడు. "నన్ను లెక్కపెట్టారు, ఓర్పమ్మను లెక్కపెట్టారు. మమ్మల్నిద్దర్నీ కలిపి ఉంచిన నిదానమ్మను లెక్కపెట్టరా? ఆమె లేకపోతే ఈ పీటమీద ఎవరు కూర్చుంటారు?"

ఇనుము ఇంట్లోని ఇరవై ఆరుగురూ తమ మధ్య నిలబడ్డ ముప్ఫైమంది న్యూట్రాన్ల వైపు తిరిగి చూసుకున్నారు. బంగారం ఇంట్లో డెబ్భై తొమ్మిదిమందికి నూట పద్దెనిమిదిమంది న్యూట్రాన్లు! తోసుకునేవాళ్లు ఎక్కువైనచోట పట్టి ఉంచేవాళ్లు ఇంకా ఎక్కువ కావాలి కదా. అందరికీ సిగ్గేసింది.

ఆకాశం నిదానమ్మ వైపు చూసింది. "చెప్పమ్మా, లెక్క మార్చమంటావా?"

"వద్దులెండి" అంది నిదానమ్మ. "పీటల లెక్కలో లేకపోతే ఏం? ఇంటి బరువు తూస్తే నేను తెలుస్తాను కదా." అని చెప్పి కస్సయ్యను ఇటు, అక్కను అటు సర్దుకుని మధ్యలో కూర్చుంది.

అప్పటినుంచే, పిల్లలూ, ఇద్దరు ప్రోటాన్లు ఒకే ఇంట్లో కాపురం ఉండాలంటే మధ్యలో న్యూట్రాన్ ఉండి తీరాలి. ఒక్కడే ఉంటాడు గనుక హైడ్రోజన్‌కి మాత్రం ఆ అవసరం లేదు. మిగిలిన ఏ మూలకం చూసినా, ఉప్పుకల్లులో గానీ, ఇనుప గరిటెలో గానీ, మీ పళ్లలో గానీ, లోలోపల ఎవరో ఒక నిదానమ్మ చెరో చేత్తో ఇద్దర్ని పట్టుకుని ఈ క్షణానికీ నిలబడే ఉంది.