గులాబీ రంగు బోర్డు

పొన్నూరులో ఏసోబు అనే బోర్డుల పెయింటరు ఉండేవాడు. చెయ్యి ఎంత మంచిదో, గొప్పలు చెప్పుకోవడంలో నోరు అంత చెడ్డది.

ఫ్లెక్సీలు వచ్చి సగం పని పోయినా, గుండ్రని అక్షరాల కోసం అతని దగ్గరికే వచ్చే షాపులవాళ్ళు ఇంకా ఉండేవారు. సుద్ద పూసిన దారం లాగి గీత కొట్టేవాడు. ముందు అక్షరాలన్నీ రాసి, తలకట్లు మాత్రం చివర్న ఒకేసారి టకటకా పెట్టుకుంటూ పోయేవాడు. అతనికి ఒక నియమం ఉండేది. ఒక షాపుకు వేసిన రంగులు ఇంకో షాపుకు వేసేవాడు కాడు. మందుల షాపుకు పచ్చ, రైసు మిల్లుకు ఎరుపు మీద పసుపు, ఐస్ పార్లరుకు తెలుపు మీద గులాబీ, దానికి నీలం నీడ. "రంగు చూడగానే షాపు గుర్తుకు రావాలి. అదీ పనంటే!" అనేవాడు.

అతని కూతురు కెజియాకు ఏడేళ్ళు. రెండో తరగతి చదువుతూ ఉండేది. తండ్రి సైకిలు వెనక కూర్చుని బజారంతా తిరిగేది. తిరుగుతూ బోర్డులన్నీ గడగడా చెప్పేది. మందుల షాపు, రైసు మిల్లు, ఐస్ పార్లర్. షాపులవాళ్ళు మురిసిపోయి పిప్పరమెంటు బిళ్ళలు చేతిలో పెట్టేవారు. ఒకసారి వీధి చివరనుంచే, అక్షరాలు చీమల్లా కూడా ఆనని దూరంలో, "అదుగో ఐస్ పార్లర్!" అంది. ఏసోబు పొంగిపోయాడు.

"చూశారా, ఎంత చురుకు కళ్ళో! పులి కడుపున పిల్లి పుడుతుందా?" అని కనబడినవాడికల్లా చెప్పాడు. కళ్ళ సంగతి తప్ప ఇంకో సంగతి అతని బుర్రకు తట్టనే లేదు.

బళ్ళో పంతులమ్మ ఒకటికి రెండుసార్లు కబురుచేసింది. "పిల్ల పుస్తకం వైపు చూడటం లేదండీ. పక్కవాళ్ళు చెప్పింది విని అప్పచెబుతోంది. ఇంట్లో రోజూ కాసేపు కూర్చోబెట్టుకోండి" అంది.

"ఊరి బోర్డులన్నీ చదివే పిల్లకు మీ పుస్తకం ఒక లెక్కా?" అని నవ్వి వచ్చేశాడు.

భార్య సలోమి ఊరుకోలేదు. "ఏమయ్యా, పంతులమ్మ ఉత్తినే అంటదా? నేను చదివింది ఐదో తరగతే. నువ్వన్నా ఒక్కసారి దగ్గర కూర్చుని చూడరాదూ?" అంది.

"చదువు బళ్ళో చెబుతారు. దానికే జీతాలు తీసుకుంటున్నారు" అన్నాడు ఏసోబు. కెజియా ఎప్పుడైనా కుంచె పట్టుకోబోతే, "ముట్టుకోమాక! బోర్డు పాడైపోద్ది" అని చేతిమీద ఒక్కటి వేసేవాడు. పిల్ల చెయ్యి వెనక్కి తీసుకునేది. ఊరంతటికీ అక్షరాలు రాసేవాడు ఇంట్లో పిల్లచేత ఒక్క అక్షరం దిద్దించలేదు. దీపం కింద చీకటంటే ఇదే.

ఒక శనివారం, బట్టల వ్యాపారి భాస్కరరావు హడావిడిగా వచ్చాడు. పక్క వీధిలో అతను కొత్త ఇల్లు కట్టిస్తున్నాడు. రోడ్డు పక్కనే నీళ్ళ సంపు కోసం పెద్ద గొయ్యి తవ్వించాడు.

"ఏసోబూ, రేపు పనివాళ్ళు రారు. 'ప్రమాదం, లోతు గొయ్యి, ఇటు రాకూడదు' అని ఒక బోర్డు అర్జంటుగా రాసిపెట్టవయ్యా" అన్నాడు.

ఏసోబు డబ్బాలు వెతికాడు. ఎర్ర రంగు అడుగంటింది. ఐస్ పార్లరు బోర్డుకు తెచ్చిన గులాబీ రంగు, నీలం మిగిలి ఉన్నాయి. ఒక్క క్షణం తటపటాయించాడు. "ఇదేమన్నా షాపా? అక్షరం వచ్చినవాడికి రంగుతో పనేముంది?" అనుకున్నాడు. తెల్లరేకు మీద గులాబీ అక్షరాలు రాసి, అలవాటుకొద్దీ నీలం నీడ కూడా పెట్టి ఇచ్చేశాడు. పనివాళ్ళు గొయ్యి మీద పట్టా కప్పి, బోర్డును దాని ముందు నిలబెట్టి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆదివారం. చర్చినుంచి వచ్చి ఏసోబు అన్నం తింటున్నాడు. చర్చినుంచి వాళ్ళతో కూడా వచ్చిన మేనమామ ఐసు కొనుక్కోమని చిల్లర ఇస్తే కెజియా బయటికి పరుగెత్తింది. ఏసోబు సగం అన్నం తిన్నాడో లేదో, వీధిలో కేక వినబడింది.

"ఏసోబూ! నీ బిడ్డ గోతిలో పడిందయ్యా!"

అది ఇస్త్రీ బండి నాగరత్నం గొంతు. ఏసోబు చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది. చెప్పులు లేకుండా పరుగెత్తాడు. అతను వెళ్ళేసరికి ఇద్దరు మనుషులు పిల్లను పైకి లాగుతున్నారు. ఒళ్ళంతా బురద. కుడి చెయ్యి వేలాడిపోతోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. గోతిలో నడుములోతు నీళ్ళు ఉండబట్టి సరిపోయింది. ఉత్త రాళ్ళే అయితే ఆ పిల్ల దక్కేది కాదు.

"తిన్నగా బోర్డు దగ్గరికే వచ్చిందయ్యా" అంది నాగరత్నం. "దాన్ని చూసి నవ్వుకుంటా బోర్డు వెనక్కి పోయింది. మళ్ళీ కనపడలా."

ఏసోబు కూతుర్ని గుండెకు హత్తుకున్నాడు. "అంత పెద్ద అక్షరాలతో రాశాను గదే తల్లీ! రావద్దని రాసుంటే ఎందుకెళ్ళావు?"

కెజియా వెక్కుతూ తండ్రి ముఖంలోకి చూసింది. "ఐసు కొట్టు అని రాశావుగా నాన్నా. మనింటి దగ్గర కూడా పెట్టారనుకున్నా."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుందని ఎవరో గొణిగారు. ఏసోబుకు అది వినబడింది. వినబడినా కోపం రాలేదు.

పిల్ల చేతికి సిమెంటు కట్టు వేయించి ఇంటికి తెచ్చాక కూడా అతనికి నమ్మకం కుదరలేదు. పిల్ల భయంలో ఏదో అందనుకున్నాడు. పొయ్యిలోంచి బొగ్గుముక్క తెచ్చి గోడమీద 'ఐస్ పార్లర్' అని రాశాడు.

"ఇదేంటమ్మా?"

కెజియా చాలాసేపు చూసింది. "ఏమో నాన్నా. నల్లరంగు కొట్టు మనూళ్ళో లేదు గదా!"

సలోమి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏసోబు గులాబీ రంగుతో 'మందుల షాపు' అని రాశాడు. పిల్ల ముఖం విప్పారింది. "ఐస్ పార్లర్!" అంది. చివరికి అతను 'కెజియా' అని రాశాడు. పిల్ల దాన్ని అటు తిరిగి, ఇటు తిరిగి చూసి, తెలియదని తలూపింది. తన పేరు తనకు తెలియలేదు.

ఏసోబు ఆ గోడకే జారగిలబడి కూర్చుండిపోయాడు. ఇరవై ఏళ్ళుగా రాసిన అక్షరాలన్నీ ఒక్కసారి ముఖాన కొట్టినట్టయింది. పిల్ల చదువుతోందని తను ఊరంతా చాటాడు. ఏం చదువుతోందో ఒక్కనాడూ పక్కన కూర్చుని చూడలేదు. సిగ్గుతో, భయంతో పసివాడిలా ఏడ్చాడు.

మర్నాటినుంచి సాయంత్రం అరగంట కూతురిదైంది. బండమీద నీళ్ళలో ముంచిన కుంచెతో అక్షరం రాసేవాడు. కెజియా ఎడమ చేత్తోనే దాని మీద దిద్దేది. అది ఆరిపోయేలోగా దాని పలుకు పలకాలి. ఉప్పు పాకెట్టు, సబ్బు కాగితం, చర్చి పాటల పుస్తకం, ఏది దొరికితే అది ముందు పెట్టుకుని అక్షరం అక్షరం వేలుపెట్టి చదివించేవాడు. పడుకోబోయే ముందు సలోమి కూడబలుక్కుంటూనే ఒక కథ చదివేది. అంతా సాఫీగా సాగిందనుకునేరు! పిల్ల ఒకే అక్షరాన్ని పదిసార్లు మరిచిపోతే, ఏసోబు విసుక్కుని బయటికి పోయేవాడు. వీధి చివరిదాకా పోయి మళ్ళీ తిరిగొచ్చి కూర్చునేవాడు.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు తండ్రీ కూతుళ్ళు బజ్జీల బండి దగ్గర నిలబడి ఉన్నారు. కెజియా తినడం మానేసి, బజ్జీలు కట్టిన పాత పేపరు ముక్కను విప్పింది. నూనె మరకల మధ్య వేలుపెట్టి, "రే... పు... రేపు... వా... వా... వాన... ప... పడు..." అని ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ మొదలుపెట్టింది. "రేపు వాన పడుతుంది!" అంది. బజ్జీలు చల్లారిపోయాయి. ఏసోబు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

బండివాడు నవ్వాడు. "మీ అమ్మాయి ఊరి బోర్డులన్నీ చదివేస్తుందని చెప్పేవోడివిగా! ఈ ముక్కకు ఇంతసేపా?"

పాత ఏసోబయితే ఏం కోతలు కోసేవాడో! ఇప్పుడు మాత్రం కూతురి తలమీద చెయ్యివేసి, "అప్పుడు చదవలేదన్నా. ఇప్పుడే మొదలుపెట్టింది" అన్నాడు.

పిల్లలు అప్పచెప్పింది విని మురిసిపోతే చదువు రాదు. పెద్దవాళ్ళు ఇంట్లో రోజూ పక్కన కూర్చుని, ఓపికగా అక్షరం వెంట అక్షరం నడిపిస్తేనే వస్తుంది.