కారణం రాసే గడి

మనిషి తాను బాగుపడుతున్నాడో లేదో దేన్నిబట్టి తెలుసుకోవాలని తిరుపాలు ఒకనాటి పొద్దున చెన్నకేశవయ్య గారిని అడిగాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా అయ్యవారని పిలిచే ఆ పెద్దాయనకు కూర్చున్నచోట జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయిస్తాడు. బియ్యం చెరగమంటాడు, బావిలో పడ్డ చేద తీయమంటాడు. పని అయ్యేసరికి ప్రశ్న తీరిందో లేదో అడిగినవాడే తేల్చుకోవాలి. ఆ రోజు ఆయన వాకిట్లో నిలిపిన తెల్లకారు వైపు కాసేపు చూసి, నంద్యాలలో చిన్న పనుంది, నల్లమల ఘాటు రోడ్డు మీదుగా తీసుకుపోతావా అన్నాడు.

తిరుపాలు ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. పుష్యమాసంలో అతని భార్య ఓబుళమ్మ పోయింది. అప్పటినుంచి నాలుగు నెలలుగా వారం తప్పకుండా వచ్చి అయ్యవారి ముందు కూర్చుంటున్నాడు. ఉపదేశం ఇమ్మని రెండుసార్లు అడిగితే ఇంకా వేళ కాలేదన్నాడాయన. వేళ ఎంత దూరంలో ఉందో కొలిచి చెప్పే సాధనం ఏదైనా ఉంటే దాన్ని పట్టుకుని ఆ ఖాళీ ఇంట్లో బతకవచ్చునని తిరుపాలు ఆశ. పట్టుకోవడానికి అతనికి వేరే ఏమీ మిగల్లేదు.

కొలతలంటే అతనికి మొదటినుంచీ నమ్మకం. ముప్పై ఏళ్లు ఒక రిజర్వాయరు గట్టు మీద నీటిమట్టం చూసి రాసిన ఉద్యోగం మరి. పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి. అంగుళం పెరిగినా తగ్గినా పక్క గడిలో కారణం రాయాలి. పైన వాన పడింది, తూము ఎత్తారు, ఎండకు ఇగిరింది, ఇట్లా. కారణం గడి ఖాళీగా పంపితే పైఅధికారి రిజిస్టరు మొహాన కొట్టేవాడు. ఉద్యోగం అయిపోయాక, పెట్రోలూ కరెంటూ కలిసి నడిపించే హైబ్రిడ్ కారు కొన్నప్పుడు ఆ అలవాటు వచ్చి దానికి అంటుకుంది.

ఎప్పుడూ ఒకే బంకు, ఒకే పంపు, అదీ ఎండ ఎక్కకముందే. ట్యాంకు నిండి గొట్టం మొదటిసారి టక్కుమని ఆగగానే చాలనేవాడు, ఆపైన ఒక్క చుక్క పోయనిచ్చేవాడు కాదు. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించి, మైలేజీ ఒక గడిలో, టైర్లలో గాలి ఒక గడిలో, ఎక్కిన మనుషులు ఒక గడిలో, చివరికి కారణం, ఇన్నీ పొడుగు నోటుపుస్తకంలో నింపేవాడు. బ్రేకును దూరం నుంచే మెత్తగా అదిమితే బండి ఊపంతా కరెంటై బ్యాటరీలోకి చేరుతుందనీ, దగ్గరికొచ్చి గట్టిగా తొక్కితే ఊరికే వేడై పోతుందనీ కనపడినవాడికల్లా చెప్పేవాడు. ఏసీ మాత్రం వేసేవాడు కాదు. అద్దాలు దించితే గాలి అడ్డం తగిలి మైలేజీ పడిపోతుందని వాటినీ దించనిచ్చేవాడు కాదు. మా ఆయన కారు కొన్లేదమ్మా, ఇటుకల బట్టీ కొన్నాడు అని ఓబుళమ్మ పొరుగువాళ్లకు చెప్పి నవ్వేది.

గిద్దలూరు దాటి అడవి మొదలయ్యేసరికి తొమ్మిదైంది. వైశాఖపు ఎండ అద్దాల మీద పేలుతోంది. ముందు సీట్లో కూర్చున్న అయ్యవారు కండువాతో మెడ తుడుచుకుని, తలుపు అరలో చెయ్యి పెడితే ఒక విసనకర్ర తగిలింది. తాటాకుది, అంచుకు ఎర్ర జాకెట్టు గుడ్డ కుట్టి ఉంది. ఎవరిదని ఆయన అడగలేదు. తీసి విసురుకోసాగాడు. తిరుపాలు చూపు రోడ్డు మీదనుంచి తిప్పలేదు. కారులో బరువు తగ్గించాలని డిక్కీలోని దుప్పట్లూ నీళ్ల క్యానూ ఏనాడో దించేశాడు గాని, విసనకర్రను తీయలేదు. దానికి బరువేముందిలే అనుకున్నాడు.

ఎక్కుడు మొదలయ్యే చోట చింతపండు గంపతో ఒక ముసలామె చెయ్యెత్తింది. తిరుపాలు ఆపేలా లేడు. ఎక్కుడు ముందర ఆగితే మళ్లీ కదలడానికి ఎంత పెట్రోలు తాగుతుందో అతనికి తెలుసు. అయ్యవారు ఆపమన్నాడు గనక ఆపాడు. గంప డిక్కీలో పెట్టి ఆమె వెనక సీట్లోకి ఎక్కింది. తన పేరు నరసమ్మని, గాజులపల్లెలో కూతురింటికి పోతున్నానని, మనవరాలికి పులుసంటే పంచప్రాణాలని అడక్కుండానే చెప్పుకుపోయింది. ఎక్కుడంతా ఎక్కి దిగుడులో పడ్డాక, ఇంజను ఆగి బండి చప్పుడు లేకుండా జారుతుంటే ఆమెకు భయం పట్టుకుంది.

"ఏమబ్బాయా, బండి ప్రాణం పోయిందా ఏంది, చప్పుడే లేదే?"

తిరుపాలు ముఖం చాలా రోజుల తరవాత కాస్త విప్పారింది. దిగుడులో ఈ బండి ఖర్చు పెట్టదనీ, తిరిగి తానే కరెంటు పుట్టించుకుంటుందనీ వివరంగా చెప్పాడు. ఆమె ఓపికగా అంతా విన్నది.

"అట్లనా. ఇంత కరెంటు పుట్టిస్తాండావు గదా నాయనా, కూర్చున్నోళ్లకు రవ్వంత గాలి పెట్టకూడదా?"

అయ్యవారు విసనకర్ర వెనక్కి అందించాడు.

గాజులపల్లె దగ్గర ఆమె దిగింది. విసనకర్ర అయ్యవారి చేతికిచ్చి, గంపలోంచి ఒక చింతపండు ముద్ద తీసి సీటు మీద పెట్టి, చల్లగా ఉండండి అని పోయింది. కొంత దూరం పోయాక తిరుపాలు ఒక వేపచెట్టు నీడన కారు ఆపాడు. స్టీరింగు పక్క తెర మీద మైలేజీ అంకె చూసుకుని, పుస్తకం తీసి, మనుషులు ముగ్గురినుంచి ఇద్దరు అని రాశాడు. కారణం గడిలోనూ రాసి మూయబోతుంటే అయ్యవారు చెయ్యి చాపాడు.

ఆయన పేజీలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పాడు. తిప్పి తిప్పి ఒకచోట వేలు ఆన్చాడు. అంకెలు కనపడుతున్నాయి గాని సన్నక్షరాలు తనకు ఆనడం లేదన్నాడు. ఇక్కడ ఇరవై మూడున్నర కాడినుంచి ఒక్కసారిగా ఇరవై నాలుగు దాటిందే, ఆ తరవాత మళ్లీ తగ్గలేదే, ఏం కిటుకు పట్టావని అడిగాడు. ఆ ప్రశ్నకు తిరుపాలు ఉత్సాహంగా ముందుకు వంగాడు. టైర్లలో గాలి కొంచెం పెంచి ఉంటాననీ, లేదా చలికాలం పోతూ ఉండటం వల్ల కావచ్చుననీ చెప్పబోయాడు.

"ఉండొచ్చులు దేనికి? రాసిపెట్టుకున్నావు గదా. చదువు."

తిరుపాలు చదివాడు. జనవరి ఇరవై రెండు. ఇరవై నాలుగు పాయింట్ రెండు. టైర్లలో గాలి మామూలే. మనుషులు, ఒకరు. వేలు పక్క గడి మీదికి జరిపాడు. అందులో అక్షరాలు గుండ్రంగా, కొట్టివేత లేకుండా ఉన్నాయి. గట్టు మీద ముప్పై ఏళ్లు రాసిన చెయ్యి వణక్కుండా రాసిన అక్షరాలు. ఇంతకుముందు ముసలామె దిగాక రాసిందీ ఆ మాటే.

"బరువు తగ్గింది," అని చదివాడు.

దానికి పైవరుస జనవరి మొదటివారానిది. నంద్యాల ఆసుపత్రినుంచి ఓబుళమ్మను ఇంటికి తెచ్చిన రోజు. ఆ అంకె కింద ఎర్రసిరాతో గీత ఉంది, అప్పటికి అంత మంచి మైలేజీ ఎన్నడూ రాలేదు గనక. చలికాలమే అయినా మధ్యాహ్నపు ఎండకు అద్దాలు మూసిన కారు ఉడికింది. ఏమండీ, ఊపిరాడ్డం లేదు, కాస్త చల్లగాలి వేస్తారా అని ఎక్కుడు మొదట్లో ఒక్కసారి అడిగింది. ఘాటు దిగినాక వేస్తాలే అన్నాడు. ఆమె మరి అడగలేదు. తనకు కాసేపు, స్టీరింగు పట్టుకున్న అతనికి కాసేపు విసురుతూ కూర్చుంది. ఘాటు దిగేసరికి విసనకర్ర ఒళ్లో పెట్టుకుని నిద్రపోయింది. నిద్రపోయింది గదా, ఇక ఎందుకని అతను వెయ్యలేదు. పదిరోజులకు ఆమె పోయింది. చల్లగాలి వేసి ఉంటే బతికేదా అంటే, లేదనే డాక్టర్లంతా అన్నారు.

రోడ్డు మీద ఒక లారీ పోయింది. దాని దుమ్ము అద్దం మీద వాలి అణిగేదాకా తిరుపాలు పుస్తకం వైపే చూస్తూ ఉన్నాడు.

"అయ్యా, నేను రాసిన లెక్క తప్పా?" అన్నాడు చివరికి.

అయ్యవారు విసనకర్ర చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి తనకు కాక, పక్కకు తిరిగి, చెమటతో తడిసిన అతని ముఖానికి మెల్లగా విసరడం మొదలుపెట్టాడు.

"లెక్క సరిగ్గానే ఉంది నాయనా," అన్నాడు. "దిగిపోయింది ఎవరో రాయలేదు, అంతే."